పోలిక ఎవరితో? ఆటల పుస్తకాల పాఠాలు, గోదావరి డెల్టా మైదానాలు

క్లుప్తంగా: క్రీడా విజయాల గురించి వచ్చిన పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగని పాఠాలు చెబుతాయి. ఒకటి పదివేల గంటల సాధన అంటుంది, ఇంకొకటి పుట్టుకతో వచ్చిన శరీరం అంటుంది, మరొకటి చిన్నతనంలో అన్ని ఆటలూ ఆడనివ్వమంటుంది. ఒక్కో పుస్తకం విజేతను ఒక్కో గుంపుతో పోల్చడమే ఈ గందరగోళానికి ప్రధాన కారణం. ఆ పోలిక ఎవరితో జరిగిందో గమనిస్తే, ఏ పాఠం డెల్టాలోని పిల్లలకు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవచ్చు.

వేసవి సెలవులు మొదలవగానే అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం వంటి పట్టణాల్లో షటిల్, క్రికెట్, ఈత శిక్షణ శిబిరాలు నిండిపోతాయి. అదే కాలంలో పుస్తకాల దుకాణాల్లో వ్యక్తిత్వ వికాసం అర ముందు తల్లిదండ్రుల సందడి పెరుగుతుంది. అక్కడి పుస్తకాల్లో సగానికి సగం ఎక్కడో ఒకచోట ఒక క్రీడాకారుడి కథ చెప్పి, దాని నుంచి ఒక సూత్రం లాగుతాయి. రెసిడెన్షియల్ కాలేజీల్లో ప్రేరణ ప్రసంగాలకు వచ్చే వక్తలకూ ఆ కథలే పెట్టుబడి. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచిన తర్వాత, ఆటను కాలక్షేపంగా కాక ఒక దారిగా చూసే కుటుంబాలు పెరగడం సహజం.

వీరి సందేహాలు దాదాపు ఒక్కటే. పిల్లవాణ్ని ఆరేళ్లకే చేర్చాలా, పదేళ్లు వచ్చేదాకా ఆగవచ్చా? రోజుకు ఎన్ని గంటలు? ఒకే ఆటా, రెండు మూడా? తిట్టి నేర్పాలా, బుజ్జగించి నేర్పాలా? పుస్తకాలు ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులిస్తాయి. చిక్కల్లా ఆ జవాబులు కలవకపోవడమే.

నిలబడిన చెట్లు చెప్పే కథ

1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలకు వరసలు నేలకొరిగాయి. ఆ మర్నాడు ఎవరైనా ఒక తోటలోకి వెళ్లి, నిలబడి ఉన్న చెట్లను మాత్రమే చూసి, వాటి ఎత్తు, వయసు, వంపు రాసుకుని, గాలిని తట్టుకునే చెట్టు లక్షణాలంటూ ఒక పుస్తకం వేశారనుకుందాం. అందులోని ప్రతి కొలతా నిజమే కావచ్చు. పడిపోయిన చెట్లకూ అదే ఎత్తు, అదే వంపు ఉన్నాయేమో చూడనంతవరకు ఆ నిజాల విలువ తక్కువ.

క్రీడాకారుల ఆత్మకథల్లో చాలా భాగం ఇలాంటి పుస్తకాలే. వాటిలో అబద్ధాలుంటాయని దీని అర్థం కాదు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులు, తెల్లవారుజామున నాలుగింటికి లేవడాలు, గాయాలు అన్నీ జరిగినవే. అదే కష్టం పడి జిల్లా స్థాయి దాటలేకపోయినవారు పుస్తకం రాయరు. రాసినా అచ్చు వేసేవారు ఉండరు.

ఈ లోపం ఒక్కోసారి పుస్తకం లోపలే బయటపడుతుంది. టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’ 2009లో వచ్చింది. ఇరాన్ తరఫున 1948, 1952 ఒలింపిక్స్‌లో బాక్సింగ్ చేసిన తండ్రి లాస్ వేగస్‌లో ఇంటి వెనకే కోర్టు కట్టాడు. బంతులు విసిరే యంత్రం ఒకటి తెచ్చి, అది మరింత వేగంగా విసిరేలా మార్పులు చేశాడు. ఆ యంత్రాన్ని పిల్లవాడు డ్రాగన్ అని పిలుచుకున్నాడు. రోజుకు 2,500 బంతులు కొడితే ఏడాదికి దాదాపు పది లక్షలవుతాయని, అన్ని బంతులు కొట్టిన పిల్లవాణ్ని ఓడించడం ఎవరితరమూ కాదని తండ్రి లెక్క. కొడుకు ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు గనుక లెక్క నిజమైనట్టే కనిపిస్తుంది. అదే పుస్తకంలో మరో సంగతీ ఉంది. అగస్సీకి ముందు పుట్టినవారు ముగ్గురు. వారిదీ ఆ ఇల్లే, ఆ తండ్రే, ఆ టెన్నిస్ పట్టుదలే. వారెవరూ ఆ ఎత్తుకు చేరలేదు. పైగా నెగ్గిన ఒక్కడు సైతం టెన్నిస్ అంటే తనకు అసహ్యమని పేజీల తరబడి రాసుకున్నాడు. నలుగురిలో ఒకరిని చూపించి ఇదే పద్ధతి అనడానికి ఈ పుస్తకాన్నే ఉదహరించేవారు, మిగతా ముగ్గురి ప్రస్తావన వచ్చే పేజీలను తిప్పేసి ఉంటారు.

మన దేశపు పుస్తకాల్లోనూ ఇలాంటి జంట దొరుకుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రాకు సాధన కోసం ఇంటి దగ్గరే షూటింగ్ రేంజ్ ఉండేది. కలిగిన కుటుంబం, విదేశీ శిక్షణ. మణిపూర్‌లో పొలం పనులతో బతికే కుటుంబంలో పుట్టిన మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఇద్దరి ఆత్మకథలూ రెండేళ్ల తేడాతో వచ్చాయి. డబ్బు లేకపోయినా ఫరవాలేదని మేరీ కోమ్ పుస్తకం చదివినవారు, డబ్బు లేనిదే కుదరదని బింద్రా పుస్తకం చదివినవారు వాదించుకుంటే, ఇద్దరి చేతిలోనూ పతకం సాక్ష్యంగా ఉంటుంది. షూటింగ్‌కు రైఫిలు, తూటాలు, రేంజ్ ఖర్చు తప్పదు. బాక్సింగ్ చేతితొడుగులతో మొదలవుతుంది. తేడా మనుషుల పట్టుదలలో కన్నా ఆటల ఖర్చులో ఎక్కువ.

డెల్టాలో ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో కొత్త వంగడాన్ని ఒక్కదాన్నే నాటి బాగుందనరు. పక్క మడిలోనే రైతులకు తెలిసిన పాత రకాన్ని నాటుతారు. అదే నేల, అదే నీరు, అదే ఎరువు. ఒక ఊళ్లో, ఒక పంటతో వదిలేయకుండా పలు చోట్ల, పలు కాలాల్లో చూస్తారు. 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) అలాంటి పరీక్షలు దాటి వచ్చిన రకమే. మనిషి జీవితంలో పక్క మడి ఉండదు గనుక ఆత్మకథకు ఆ వెసులుబాటు లేదు. పరిశోధకులు చేయగలిగింది, ఎక్కువమంది ఆటగాళ్లను కలిపి లెక్క చూడటం. ఆ లెక్కలే ఆ తర్వాత వచ్చిన పుస్తకాలకు ముడిసరుకు అయ్యాయి.

పదివేల గంటలు: వయొలిన్ నుంచి మైదానానికి

శిక్షణ శిబిరాల గోడల మీద తరచు కనిపించే పదివేల గంటల సూత్రం ఆటల నుంచి పుట్టలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన పరిశోధన బెర్లిన్‌లోని సంగీత కళాశాల వయొలిన్ విద్యార్థుల గురించి. అత్యుత్తములు, మంచివారు, సంగీత ఉపాధ్యాయులు కాబోయేవారు అని మూడు గుంపులు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధన సగటున మొదటి గుంపుకు 7,410 గంటలు, రెండో గుంపుకు 5,301, మూడో గుంపుకు 3,420. ఇరవై ఏళ్లకు మొదటి గుంపు సగటు పదివేలకు చేరింది. రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008 నాటి ‘అవుట్‌లయర్స్’లో ఈ అంకెను సూత్రంగా మార్చి ప్రచారంలోకి తెచ్చాడు.

సగటును గీతగా చదవడం ఇక్కడ జరిగిన మొదటి పొరపాటు. సగటు పదివేలంటే దానికి ఎంతో తక్కువలో ఉన్నవారూ ఆ గుంపులో ఉన్నారని అర్థం. ఎరిక్సన్ కూడా తన పరిశోధనను అలా కుదించడం సరికాదని తర్వాత రాశాడు. ఆయన పట్టింపు గంటల మీద కాదు, గంటల్లో జరిగే పని మీద. చేతకాని చోటును గుర్తించి, దాన్నే పట్టుకుని, చూసి చెప్పే గురువు పక్కన ఉండగా, వెంటనే దిద్దుకునే సాధనకే ఆ లెక్క వర్తిస్తుంది. సాయంత్రం రెండు గంటలు పాయింట్లు ఆడి చెమటతో ఇంటికి రావడం ఆ ఖాతాలో పడదు. బ్యాక్‌హ్యాండ్ రాని పిల్లవాడు ఆటలో ఆ వైపు వచ్చిన షటిల్‌ను పక్కకు జరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టేస్తాడు. పాయింటు వస్తుంది. బ్యాక్‌హ్యాండ్ మాత్రం ఐదేళ్ల తర్వాతా అలాగే ఉంటుంది.

రెండో పొరపాటు, అందరికీ ఒకే గడువు పెట్టడం. చదరంగంలో మాస్టర్ స్థాయికి చేరినవారి మీద 2007లో వచ్చిన పరిశోధనలో ఒకరికి సుమారు 3,000 గంటలు చాలగా, మరొకరికి 23,000 దాటాయి. మైదానంలో ఇంకా విడ్డూరం. 2007 ఒసాకా ప్రపంచ అథ్లెటిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన బహమాస్ ఆటగాడు డొనాల్డ్ థామస్, ఆ ఆట మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. చిన్ననాటి నుంచి అదే ప్రాణంగా బతికిన స్వీడన్ ఆటగాడు, 2004 ఒలింపిక్ విజేత స్టెఫాన్ హోమ్ నాలుగో స్థానంలో ఆగాడు. 2013లో వచ్చిన ‘ద స్పోర్ట్స్ జీన్’లో డేవిడ్ ఎప్‌స్టీన్ ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు. థామస్ విజయాన్ని శరీరానికి, హోమ్ విజయాన్ని సాధనకు రాసేయడం తేలిక. హోమ్ ఎత్తు 1.81 మీటర్లే, హైజంపర్లలో అది పొట్టి కిందే లెక్క. అయినా ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. రెండు దారులూ దాదాపు ఒకే ఎత్తుకు వెళ్లాయి.

కాలువ నీరు, పొలం దిగుబడి

సాధన లెక్కను పెద్ద ఎత్తున చూసినవారు మనస్తత్వ పరిశోధకురాలు బ్రూక్ మాక్‌నమారా బృందం. 2014లో వెలువడిన వారి విశ్లేషణ ప్రకారం, ఆటల్లో ఒకరికి మరొకరికి ఉన్న తేడాల్లో సాధన గంటలు వివరించగలిగింది 18 శాతం. 2016లో అగ్రశ్రేణి ఆటగాళ్లను మాత్రమే విడదీసి చూస్తే అది సుమారు 1 శాతానికి పడిపోయింది. ఈ అంకె బయటికి వచ్చాక, సాధనతో పనేముంది, పుట్టుకే అంతా అనే వాదన మొదలైంది. అదీ తప్పే. ఎందుకు తప్పో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల కింద సాగు విస్తరించి, నేడు సుమారు పది లక్షల ఎకరాలకు చేరింది. ఒకే పంట కాలువ కింద, ఒకే తూము నుంచి నీరందే పది పొలాలు తీసుకుందాం. వాటి దిగుబడిలో తేడాలుంటాయి. ఆ తేడాలకు నీరు కారణమా అని లెక్క వేస్తే, కాదనే వస్తుంది, ఎందుకంటే పదింటికీ నీరు సమానమే. విత్తనం, నేల, చీడ, నాట్లు పడిన తేదీ వంటివే తేడాను వివరిస్తాయి. ఆ లెక్క చూపించి వరికి నీరు అక్కర్లేదంటే ఎవరూ వినరు. కాలువ మొదట్లోని పొలాన్ని శివారు పొలంతో పోల్చిన మరుక్షణం నీరే ప్రధాన కారణమవుతుంది.

అగ్రశ్రేణి ఆటగాళ్లందరూ ఒకే తూము కింది పొలాలు. అక్కడిదాకా వచ్చిన ప్రతి ఒక్కరూ వేల గంటలు సాధన చేసినవారే గనుక, వారిలో ఎవరు మొదటివారు, ఎవరు పదోవారన్నది గంటలు తేల్చలేవు. ప్రపంచ ర్యాంకుల్లో ఉన్నవారి మీద రాసిన పుస్తకంలో సాధన చిన్నదిగా, శరీరమూ అదృష్టమూ పెద్దవిగా కనిపిస్తాయి. మండల స్థాయి పిల్లలనూ జిల్లా స్థాయి పిల్లలనూ పోలిస్తే సాధన, దానికన్నా ముందు సాధనకు వీలు, అతి పెద్ద కారణాలుగా నిలుస్తాయి. రెండు పుస్తకాలూ నిజమే చెబుతున్నాయి, వేర్వేరు పొలాల గురించి. ఊళ్లోని పిల్లవాడికి కావలసింది రెండో పుస్తకం. అమ్ముడుపోయేది మొదటిది.

ఒకే ఆటా, పది ఆటలా?

త్వరగా మొదలుపెట్టి ఒకే ఆట పట్టుకోవాలనే వాదానికి గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ ప్రతీక. రెండేళ్ల వయసులోనే టెలివిజన్‌లో గోల్ఫ్ బంతి కొట్టి చూపించాడు. ఎప్‌స్టీన్ 2019లో రాసిన ‘రేంజ్’ పుస్తకం అతనికి ఎదురుగా రోజర్ ఫెదరర్‌ను పెట్టింది. చిన్నతనంలో రకరకాల ఆటలు ఆడి, టెన్నిస్‌కు ఆలస్యంగా కట్టుబడిన ఆటగాడు. ఒకరికి ఎదురుగా ఒకరిని నిలబెట్టడం కథకు అందమే తప్ప రుజువు కాదు. అంతకన్నా బరువైనది ఆర్నె గులిష్, మాక్‌నమారా, డేవిడ్ హాంబ్రిక్ కలిసి చేసిన విశ్లేషణ. 51 అధ్యయనాల్లోని 6,096 మంది ఆటగాళ్లను, వారిలో ప్రపంచ అగ్రశ్రేణికి చెందిన 772 మందిని చూశారు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి వెళ్లినవారు, ఆ కిందిస్థాయిలో ఆగినవారికన్నా, తమ ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, చిన్నప్పుడు ఇతర ఆటలు ఎక్కువ ఆడారు, మొదట్లో నెమ్మదిగా ఎదిగారు.

జూనియర్ల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. పద్నాలుగేళ్లలోపు విభాగంలో గెలిచేవారు త్వరగా మొదలుపెట్టి, ఒకే ఆటకు అంటిపెట్టుకుని, తొందరగా పైకి వచ్చినవారు. ఏ పుస్తకాన్ని నమ్మాలో తేల్చేది ఈ తేడాయే. తల్లిదండ్రులు, శిబిరాలు, పాఠశాలలు అందరూ కొలిచేది పద్నాలుగేళ్లలోపు పతకాలను. శిబిరం ఫ్లెక్సీ మీద బొమ్మ పడాలంటే ఈ ఏడాదే గెలవాలి. అలా గెలిపించే పద్ధతి, పదేళ్ల తర్వాత గెలిపించే పద్ధతి ఒకటి కావు.

డెల్టా పల్లెల్లో ఒక తరం కిందటి పిల్లలకు రకరకాల ఆటలు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేకపోయింది. కాలువలో ఈత, గట్టు మీద బిళ్లంగోడు, చేలు కోసిన తర్వాత మడుల్లో కబడ్డీ, మామిడి తోటలో రాళ్లు విసరడం. రాయిని కాయకు గురిపెట్టి విసిరే చెయ్యి చేసే పనికి, షటిల్ స్మాష్‌లో చెయ్యి చేసే పనికి చాలా పోలికుంది. భుజం వెనక్కి వెళ్లడం, మోచెయ్యి ముందు రావడం, చివరి క్షణంలో మణికట్టు తిరగడం. ఈ మాటకు అర్థం కాలువ ఈత ఛాంపియన్లను పుట్టిస్తుందని కాదు. పుట్టించేదయితే కోనసీమ నిండా ఒలింపిక్ ఈతగాళ్లు ఉండాలి. ఆ ఆటలు శరీరానికి పునాది వేస్తాయి. మేడ కట్టేది శిక్షణ. ఇప్పుడు పునాది ఆటలు తగ్గిపోయి, ఏడేళ్ల పిల్లలు నేరుగా మేడ దగ్గరే మొదలుపెడుతున్నారు.

పుట్టిన నెల, జూన్ ఒకటి

పుస్తకాలు చెప్పినవాటిలో నేరుగా పాఠశాల మైదానంలో వాడుకోదగింది పుట్టిన నెల సంగతి. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ 1985లో గమనించిన ప్రకారం, ఐస్ హాకీ జూనియర్ జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవారు అసాధారణంగా ఎక్కువ. వయసు విభాగానికి గీత జనవరి 1 కావడమే కారణం.

డెల్టాలోని ఏ ఉన్నత పాఠశాల సెలక్షన్లలోనైనా ఇది కంటికి కనిపించే విషయం. వాలీబాల్ కోర్టు దగ్గర పద్నాలుగేళ్లలోపు విభాగానికి ఇద్దరు అబ్బాయిలు నిలబడతారు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే ఏడాది. ఒకడు జనవరిలో పుట్టాడు, మూతి మీద నూగు మీసం, చెయ్యి చాపితే వేళ్లు నెట్ పైకి వస్తాయి. రెండోవాడు డిసెంబరు పుట్టుక, గొంతు ఇంకా మారలేదు. పదకొండు నెలల తేడా ఆ వయసులో ఎత్తులో స్పష్టంగా కనిపిస్తుంది. వ్యాయామ ఉపాధ్యాయుడికి శనివారం మండల పోటీలున్నాయి. ఎవరిని తీసుకుంటారో ఊహించడం కష్టం కాదు.

అసలు ప్రభావం ఆ తర్వాత మొదలవుతుంది. జట్టులోకి వెళ్లినవాడికి రోజూ కోర్టు, కోచ్ చూపు, పోటీల అనుభవం దొరుకుతాయి. వెళ్లనివాడు బంతులు అందిస్తూ ఏడాది గడిపి, మరుసటి ఏడాది రాడు. రెండేళ్లకు ఇద్దరి మధ్య నిజంగానే నైపుణ్యం తేడా ఏర్పడుతుంది. అప్పుడు చూసినవారు మొదటివాడిలో పుట్టుకతోనే ప్రతిభ ఉందంటారు. ముందు నీరందిన పొలం ముందు ఏపుగా ఎదిగింది, అంతే. వెనకబడినా పట్టు వదలక చివరిదాకా నిలిచిన కొద్దిమందిని పై స్థాయిల్లో గమనిస్తే ఈ తేడా తగ్గుతుంది. అయితే అలా నిలిచేవారు కొద్దిమందే.

మన దగ్గర ఈ లెక్కకు ఒక వింత అడ్డంకి ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారే వయసు అంచనా వేసి జూన్ 1 అనో, జూలై 1 అనో రాసేసిన తరాలున్నాయి. ఆసుపత్రి ప్రసవాలు, జనన ధ్రువపత్రాలు వచ్చాక ఆ పద్ధతి తగ్గినా, ఆటల్లో నెగ్గడానికి వయసు తగ్గించి చూపే అలవాటు పోలేదు. జూనియర్ క్రికెట్‌లో ఎముకల ఎక్స్‌రే తీసి వయసు తేల్చే పరీక్ష పెట్టవలసి వచ్చింది అందుకే. కాగితంపై పుట్టిన నెలకూ శరీరం వయసుకూ పొంతన లేని చోట కెనడా లెక్కను ఉన్నదున్నట్టు దించుకోలేం. దాని వెనకున్న కిటుకు మాత్రం ఇక్కడ మరింత బలంగా పనిచేస్తుంది. తప్పుడు తేదీ ఇచ్చే లాభం పదకొండు నెలలు కాదు, రెండేళ్లు.

తిడితే బాగుపడతాడా?

కఠిన శిక్షకుడి కథ ఆటల పుస్తకాలకు ఇష్టమైన సరుకు. కేకలు వేసి, అవమానించి, చివరికి పతకం తెప్పించిన గురువు. ఈ కథ అంత సులువుగా నమ్మకం కలిగించడానికి ఒక గణిత కారణముంది. దాన్ని స్పష్టంగా వివరించినవాడు నోబెల్ గ్రహీత డేనియల్ కానమన్. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులు ఆయనతో వాదించారు: బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతాడు, చెడగొట్టినవాణ్ని తిడితే మర్నాడు బాగా నడుపుతాడు, కనుక తిట్టే పనిచేస్తుంది అని.

వారు చూసింది నిజం. చెప్పిన కారణం తప్పు. ఒక అమ్మాయి పది సర్వీసుల్లో సగటున ఆరు సరిగ్గా వేస్తుందనుకుందాం. ఒక రోజు తొమ్మిది పడతాయి, ఒక రోజు మూడే. తొమ్మిది పడిన రోజు తర్వాత వచ్చేది మామూలు రోజు కావడమే ఎక్కువ, అంటే తగ్గినట్టు కనిపిస్తుంది. మూడు పడిన రోజు తర్వాతా మామూలు రోజే వస్తుంది, పెరిగినట్టు కనిపిస్తుంది. తిట్టినా, తిట్టకపోయినా, కోచ్ ఆ రోజు సెలవు పెట్టినా ఇదే జరుగుతుంది. ఏళ్ల తరబడి చూసిన కోచ్‌కు మాత్రం తిట్టు ఫలించిందనే అనుభవం గట్టిపడుతుంది. ఆ అనుభవమే తర్వాత పుస్తకంలో అధ్యాయమవుతుంది. తిట్టు భరించలేక ఆట మానేసిన పిల్లలు ఈ లెక్కలోకి రానే రారు.

రావులపాలెం, అమలాపురం

డెల్టాకు సొంత ఉదాహరణలు లేకపోలేదు. షటిల్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్న ఇద్దరు ఇప్పటి కోనసీమ జిల్లాలోనే పుట్టారు. రావులపాలెంలో 1993లో పుట్టిన కిడాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో పురుషుల సింగిల్స్‌లో, అమలాపురంలో 2000లో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2023 అక్టోబరులో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ఆ స్థానానికి చేరారు. సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతకుముందు పదేళ్లపాటు నిలిచిన రికార్డు 493.

ఈ రెండు కథలను ప్రేరణ ప్రసంగంలో వాడేటప్పుడు వినిపించేది, చిన్న ఊళ్ల నుంచి ప్రపంచ శిఖరానికి అనే మాట. అందులో కొంత మరుగున పడుతుంది. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, స్వయంగా రాష్ట్ర స్థాయి షటిల్ ఆటగాడు. అన్న కూడా ఆడేవాడు. శ్రీకాంత్ అన్న నందగోపాల్ సైతం అంతర్జాతీయ ఆటగాడే. ఇద్దరికీ ఇంట్లోనే ఆట తెలిసినవారు, ఎదురుగా నిలబడి ఆడే మనిషి ఉన్నారు. ఎరిక్సన్ చెప్పిన, చూసి దిద్దే గురువు సాత్విక్‌కు ఇంటి భోజనంతో పాటే దొరికాడు. ఆ తర్వాత ఇద్దరూ ఊరు వదిలారు. మొదట శ్రీకాంత్, తర్వాత 2014లో సాత్విక్ హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్లారు.

ఒకే ఆటలో ఒకే పాత్రకు చిన్ననాటి నుంచి కట్టుబడి ఉండాలన్న సూత్రానికీ ఈ కథలు పొసగవు. శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆటగాడు. 2011 కామన్వెల్త్ యువజన క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్‌లో రజతం, డబుల్స్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. సింగిల్స్‌కు మార్చింది గోపీచంద్. మూడేళ్లకే, 2014 చైనా ఓపెన్ ఫైనల్లో చైనా దిగ్గజం లిన్ డాన్‌ను అతని సొంతగడ్డ మీద ఓడించాడు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ వెనక కోర్టు నుంచి కొట్టేవారు. ఒకే తరహా ఇద్దరిని జతచేయడం మామూలుగా ఎవరూ చేయని పని. అప్పటి డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హర్ చేశాడు. ఆ జంట 2022లో కామన్వెల్త్ స్వర్ణం, అదే ఏడాది పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ గెలిచిన జట్టులో స్థానం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. శరీరం, సాధన, కుటుంబం అన్నీ ఉన్నా, సరైన సమయంలో మరొకరు చూసి దారి మార్చడం ఈ కథల్లో పెద్ద మలుపు. ఆత్మకథల్లో ఇలాంటి మలుపుకు ఒక పేరా దక్కితే గొప్ప.

కథానాయకుల ఎంపికలోనూ ఒక పక్షపాతం ఉంది. వరి వంగడాలకు పేరొందిన మార్టేరులోనే పుట్టిన సత్తి గీత, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే పరుగెత్తి, 2006 దోహా ఆసియా క్రీడల్లో అదే రిలేలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉంది. డెల్టా క్రీడా కథల్లో ఆమె పేరు వినిపించేది అరుదు. రిలేలో నాలుగో వంతు విజయానికి పుస్తకం రాదు.

డెల్టాలో వీటి ప్రభావం

పుస్తకాలను బట్టి కాక, పోలికలను బట్టి చూస్తే డెల్టాలో లోటు ఎక్కడుందో వేరుగా కనిపిస్తుంది. ఇక్కడ నేల సెంటు చొప్పున అమ్ముడవుతుంది, మైదానానికి మిగిలేది తక్కువ. ఉన్న మైదానం వానాకాలంలో నీటిలో ఉంటుంది. కోతలయ్యాక చాలా ఊళ్లలో అదే కళ్లంగా మారి ధాన్యం ఆరబోతకు పోతుంది. షటిల్ బరువు సుమారు ఐదు గ్రాములే. సముద్రపు గాలి కొట్టే ఊళ్లో బయట ఆడితే సాధన ఆటతో కాక గాలితో అవుతుంది. పైకప్పు ఉన్న కోర్టు కొన్ని పట్టణాలకే పరిమితం. వాలీబాల్, కబడ్డీ ఊరూరా నిలిచి ఉండటానికి, షటిల్ పట్టణాల దగ్గర ఆగిపోవడానికి పిల్లల ఇష్టాయిష్టాలకన్నా ఇదే పెద్ద కారణం.

కోటా, శిబిరాలు, పుస్తకాలు మూడూ కలిసి రాబోయే ఏళ్లలో రెండు మార్పులు తెచ్చే అవకాశం ఎక్కువ. ఒకటి, ఆరేడేళ్లకే ఒకే ఆటలో చేరేవారు పెరుగుతారు. దాంతో జూనియర్ పతకాలు పెరిగి, భుజం, మోకాలు గాయాలతో పదహారేళ్లకే ఆగిపోయేవారూ పెరుగుతారు. రెండు, సెలక్షన్లలో వయసు తగాదాలు ముదురుతాయి. వీటికి విరుగుడు ఖరీదైనది కాదు. శివారు భూములకు నీరు చేరనప్పుడు దాళ్వాలో (రబీ వరి పంటకాలంలో) వంతులు పెట్టినట్టే, కోర్టు సమయానికీ వంతులు పెట్టి, జట్టులో లేని పిల్లలకు వారంలో రెండు రోజులు కోచ్ చూపు దక్కేలా చేసుకోవచ్చు. డిసెంబరు పుట్టుక పిల్లవాణ్ని ఇంకో ఏడాది చూసి తేల్చవచ్చు.

అన్నిటికన్నా చవకైనది ఒక నోటుపుస్తకం. మార్టేరు ప్రయోగ మడుల రిజిస్టరులో విఫలమైన రకాల దిగుబడీ నమోదవుతుంది. అది లేనిదే నెగ్గిన రకం ఎంత మేలో తెలియదు. పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయుడి గదిలో షీల్డులుంటాయి, గెలిచిన జట్ల ఫొటోలుంటాయి. ఆట మానేసినవారి జాబితా ఎక్కడా ఉండదు. వ్యాయామ ఉపాధ్యాయుడు గీసుకోవలసిన గడులు ఆరు: పేరు, పుట్టిన నెల, ఆట మొదలుపెట్టిన వయసు, ఆడే ఇతర ఆటలు, మానేసిన సంవత్సరం, కారణం. పదేళ్లు నింపితే డెల్టాకు తనదైన లెక్క ఒకటి తయారవుతుంది. ఆరో గడిలో గాయం, బస్సు సౌకర్యం లేకపోవడం, తిట్లు, ఆడపిల్ల పెద్దదవడం వంటివి అక్కడక్కడా కనిపించవచ్చు. అన్నిటికన్నా ఎక్కువసార్లు రాయవలసి వచ్చే మాట బహుశా పదో తరగతి.